మెకానిక్ వచ్చేసరికి స్టార్టయ్యే బండి

చీకటితోనే తోటలో చీనీకాయలు (బత్తాయిలు) ఎత్తుకుని, అనంతపురం మార్కెట్‌లో దించేసి, తిరుగు దోవలో టీకి ఆగిన పాత పికప్ పావుగంట తర్వాత మొండికేస్తుంది. సెల్ఫ్ కొడితే ఇంజన్ గిరగిరా తిరుగుతుంది గానీ అందుకోదు. డ్రైవరు నాలుగైదు సార్లు ప్రయత్నించి మెకానిక్‌కు ఫోన్ చేస్తాడు. ఆయన ముక్కాలు గంటకు వచ్చి, బానెట్ ఎత్తి, రెండు వైర్లు కదిపి తాళం తిప్పుతాడు. మొదటి దెబ్బకే బండి అందుకుంటుంది. ఆ వైర్లే లూజుగా ఉన్నాయని ఇద్దరూ నమ్ముతారు. వారం తిరక్కుండా ఇంకో టీ కొట్టు దగ్గర మళ్లీ అదే తంతు.

వైర్లు కదపడం వల్ల ఒరిగిందేమీ లేకపోవచ్చు. ఆ ముక్కాలు గంటలో ఇంజన్ చల్లబడింది, అంతే. ఒక్కోసారి మాత్రమే వచ్చే స్టార్టింగ్ ట్రబుల్‌తో ఉన్న చిక్కు ఇదే. బాగుచేసే మనిషి చూసే వేళకు జబ్బు అక్కడ ఉండదు. సెల్ఫ్ మోటారు కాలిపోయిందంటే ఎప్పుడు చూసినా కాలిపోయే ఉంటుంది, గంటలో తేలిపోతుంది. సగం అరిగిన భాగం అలా దొరకదు. వాతావరణం, బండి నిలబెట్టిన చోటు, టాంకీలో డీజిల్ ఎంత ఉందన్నది, ఇవన్నీ కలిసొచ్చిన రోజే అది బయటపడుతుంది.

డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్లోని గాలిని 16 నుంచి 22 వంతుల దాకా నొక్కితే అది వందల డిగ్రీలు వేడెక్కుతుంది, అందులో పడ్డ డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. అంటే ఇంజన్ తగినంత వేగంగా తిరగాలి, డీజిల్ గాలి బుడగల్లేకుండా, దాన్ని సిలిండర్లోకి చిమ్మే నాజిల్ దాకా రావాలి, నొక్కిన గాలి జారిపోకుండా వేడి నిలవాలి. కొత్త బండికి ఈ మూడింట్లోనూ బోలెడంత వెసులుబాటు ఉంటుంది. పన్నెండు పదిహేనేళ్లు తిరిగిన బండిలో ఆ వెసులుబాటు చాలావరకు అరిగిపోయి ఉంటుంది. మిగిలిన కాస్తా ఆ రోజు ఎండో చలో తినేస్తుంది. కాబట్టి ఈ ట్రబుల్‌లో ‘ఏ భాగం పోయింది’ అని అడిగే ముందు ‘ఎప్పుడెప్పుడు మొండికేస్తోంది’ అని అడగాలి. రెండో ప్రశ్నకు సరైన జవాబు దొరికితే మొదటిది సగం తేలినట్టే.

షెడ్లలో సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు. ముందు బ్యాటరీ మారుస్తారు. పది రోజులకు మళ్లీ వస్తే సెల్ఫ్ విప్పి బుష్‌లు, కార్బన్ బ్రష్‌లు వేస్తారు. తర్వాత హీటర్లు, అంటే చల్లటి ఇంజన్ లోపల వేడి పుట్టించే ప్లగ్గులు. చివరికి నాజిళ్లకు డీజిల్ నొక్కి పంపే పంపు దింపి పంపు షాపుకు పంపుతారు, అక్కడ బిల్లు వేలల్లో తేలుతుంది. విచిత్రమేమిటంటే ప్రతి మార్పు తర్వాతా బండి కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. బ్యాటరీ మార్చినప్పుడు టెర్మినళ్లు గీకి బిగించారు, నిజంగా పనిచేసింది ఆ గీకుడే కావచ్చు. సెల్ఫ్ బాగుచేసిన వారం వాన పడి చల్లబడింది, బండి బాగుపడిందనుకున్నారు.

సెల్ఫ్ చప్పుడు, సైలెన్సర్ పొగ

పరికరం ఏదీ ముట్టుకోకముందే గమనించాల్సినవి రెండున్నాయి. మొదటిది సెల్ఫ్ చప్పుడు. తాళం తిప్పితే టక్ మని ఒక్క చప్పుడు వచ్చి ఆగిపోతుందా, నీరసంగా ఈడ్చుకుంటూ తిరుగుతుందా, చురుగ్గా తిరిగి కూడా అందుకోదా? మొదటి రెండూ కరెంటు దారిలో వెతకాల్సినవి. మూడోది ఎక్కువగా డీజిల్ దారిలో.

రెండోది సైలెన్సర్. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు వెనక నిలబడి చూడాలి. తెల్లటి పొగ వస్తోందంటే డీజిల్ లోపల పడుతోంది గానీ అంటుకోవడం లేదు. హీటర్లు గానీ, నీరసంగా తిరిగే సెల్ఫ్ గానీ, తగ్గిన కంప్రెషన్ (గాలిని నొక్కే బిగువు) గానీ కారణం. ఎంత తిప్పినా పొగ అన్నదే రాకపోతే డీజిల్ సిలిండర్ దాకా చేరనే లేదు. అప్పుడు హీటర్లు మార్చి లాభం లేదు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. అయినా డ్రైవర్లు ఒంటరిగా తిరుగుతారు కాబట్టి సైలెన్సర్ వైపు చూసేవాళ్లు అరుదు. టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు ఉంటారు. వాళ్ల చేతికి ఫోన్ ఇచ్చి, చప్పుడు వినబడేలా పొగ కనబడేలా అర నిమిషం వీడియో తీయించి మెకానిక్‌కు వాట్సాప్‌లో పంపితే, ఆయన ముక్కాలు గంట తర్వాత వచ్చి చల్లబడ్డ ఇంజన్ చూసేదానికంటే అది ఎక్కువ చెబుతుంది.

కరెంటు దారి

బ్యాటరీని అనుమానించడం తప్పేమీ కాదు. వేడిలో ప్లేట్లు త్వరగా దెబ్బతింటాయి, నీళ్లు త్వరగా ఇంకిపోతాయి. మే నెలలో కర్నూలు, కడపల్లో 42, 43 డిగ్రీలు మామూలే, బానెట్ కింద ఇంకా ఎక్కువ. ఎండాకాలంలో తగిలిన దెబ్బ డిసెంబరు తెల్లవారుజామున బయటపడుతుంది. ఈ ప్రాంతంలో దీనికి తోడయ్యే అలవాటొకటి ఉంది. డిస్టిల్డ్ వాటర్ అందుబాటులో లేదని బోరు నీళ్లు పోయడం. ఇక్కడి బోరు నీళ్లలో ఉండే లవణాలు కుండ అడుగున తెల్లగా పేరుకోవడం ప్రతి ఇంట్లో చూసేదే. అవే లవణాలు బ్యాటరీలోకి పోతే ప్లేట్లు ఎక్కువ కాలం బతకవు.

కొలత తేలిక. రాత్రంతా నిలబెట్టిన బండికి పొద్దున బ్యాటరీ మీద 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే డైనమో చార్జింగ్ బాగున్నట్టు. ఇంతవరకు ఆటో ఎలక్ట్రీషియన్ షాపుల్లో అందరూ చూస్తారు. తరచుగా వదిలేసేది దీని తర్వాత మెట్టు.

సెల్ఫ్ మోటారు బరువు మీద 250 ఆంపియర్ల దాకా లాగుతుంది. బ్యాటరీ నుంచి దానికి పోయే దారిలో ఎక్కడైనా ఓమ్‌లో నూరో వంతు అడ్డు పడిందనుకుందాం. 250ని 0.01తో గుణిస్తే రెండున్నర వోల్టులు. అంటే పన్నెండు వోల్టుల్లో రెండున్నర ఆ చిలుము పట్టిన జాయింట్ దగ్గరే వేడిగా ఆవిరైపోయింది. అదే జాయింట్‌కు టెస్ట్ లాంప్ పెట్టి చూస్తే ధగధగా వెలుగుతుంది. లాంపుకు కావాల్సింది ఆంపియరు లోపే, ఆ మాత్రం కరెంటుకు ఈ అడ్డు లెక్కే కాదు. మీటర్లో బీప్ కూడా వస్తుంది. ‘వైరు సుబ్బరంగా ఉంది’ అని తేల్చేస్తారు. అబద్ధం చెప్పింది లాంపు.

సరైన పద్ధతి, బరువు పడ్డప్పుడు కొలవడం. మీటరు ఎర్ర కొస బ్యాటరీ ప్లస్ సీసపు ముడి మీదే పెట్టాలి, క్లాంపు మీద కాదు. రెండో కొస సెల్ఫ్ మీద లావు కేబుల్ బిగించిన బోల్టుకు. ఇంకొకరు సెల్ఫ్ కొట్టాలి. అర వోల్టు లోపు చూపిస్తే ఆ వైపు నయం. అలాగే బ్యాటరీ మైనస్ ముడికీ ఇంజన్ బ్లాకు మీద తుప్పు లేని చోటుకీ మధ్య కొలిస్తే 0.3 దాటకూడదు. దాటితే ఎర్త్ దారిలో లోపం. పాత పికప్‌లలో దొరికేవి ఎక్కువగా ఇక్కడే. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి దానికీ ఛాసిస్‌కీ మధ్య కరెంటుకు ఉన్న దారి ఒక్క జడ వైరే. దాని కొన తుప్పు పట్టినా, క్లచ్ పనికి దింపినప్పుడు రంగు మీదే బిగించినా, కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండానో క్లచ్ కేబుల్ గుండానో దారి వెతుక్కుంటుంది. నాలుగుసార్లు సెల్ఫ్ కొట్టాక ఆ కేబుల్ తాకితే చెయ్యి చురుక్కుమంటే ఇక మీటరుతో పనిలేదు. మీటరే లేనివాళ్లు లావుపాటి జంపర్ కేబుల్ ఒకటి బ్యాటరీ మైనస్‌కూ ఇంజన్ బ్లాకుకూ తగిలించి సెల్ఫ్ కొట్టి చూడొచ్చు. నీరసంగా తిరిగేది ఒక్కసారిగా చురుకెక్కితే దొంగ దొరికినట్టే.

వేడి మీద మాత్రమే నీరసించే సెల్ఫ్ సంగతి వేరు. రాగి తీగ వేడెక్కితే ఒక్కో డిగ్రీకి దాని నిరోధం 0.39 శాతం పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 100కు పోతే పెరుగుదల 27 శాతం. బుష్‌లు బాగున్న సెల్ఫ్ దీన్ని తట్టుకుంటుంది. బుష్ అరిగి, లోపల తిరిగే ఆర్మేచర్ పక్కలకు రాసుకునేది తట్టుకోలేదు. టక్ మని ఆగిపోయే రకానికి కూడా ఈ లెక్కే వర్తిస్తుంది. సెల్ఫ్‌కు కరెంటు కలిపే సోలినాయిడ్ (కరెంటు అయస్కాంతం) చుట్ట వేడెక్కి బలహీనపడి ఉంటుంది, పైగా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) లేని పాత వైరింగులో దాని కరెంటంతా అరిగిన తాళం స్విచ్ గుండానే రావాలి. తాళం నుంచి వచ్చే సన్న వైరుతో ఒక రిలే నడిపి, సోలినాయిడ్‌కు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి ఇస్తే చాలా బండ్లలో ఈ టక్ టక్ పోతుంది. రిలే ధర సెల్ఫ్ రిపేరు ముందు ఎంత!

దిగుడులో నిలబెట్టే అలవాటు

స్టార్టింగ్ నమ్మకం లేని బండిని రాత్రిపూట దిగుడులో, ముక్కు కిందికి ఉండేలా నిలబెట్టడం పల్లెల్లో అందరూ చేసే పని. పొద్దున సెల్ఫ్ తీసుకోకపోతే న్యూట్రల్‌లో వదిలి సెకండ్ గేర్ వేసి క్లచ్ వదలొచ్చు. ఈ ముందుజాగ్రత్తలోనే ఒక ఆధారం దాక్కుని ఉంటుంది.

దిగుడులో నిలబెట్టిన రోజు తోయాల్సిన పనే పడదు, సెల్ఫ్‌తోనే స్టార్టవుతుంది. చదునులోనో, ముక్కు పైకి ఉండేలా ఎగుడులోనో నిలబెడితే పొద్దున ఏడిపిస్తుంది. డ్రైవరు దీన్ని కాకతాళీయం అనుకుంటాడు. కానీ చాలా పికప్‌లలో టాంకీ వెనకవైపు, ఇంజన్ ముందువైపు. ముక్కు కిందికి ఉంటే టాంకీ ఎత్తున ఉంటుంది, పైపుల్లో డీజిల్ అక్కడే నిలుస్తుంది. ముక్కు పైకి ఉంటే డీజిల్ మెల్లగా టాంకీలోకి జారిపోతుంది. అయితే పైన ఎక్కడో గాలి దూరే సందు ఉంటేనే జారుతుంది. నీళ్లలో ముంచిన స్ట్రా పై కొన వేలితో మూసి ఎత్తితే నీళ్లు నిలిచినట్టు, సందు లేని పైపులో డీజిల్ రాత్రంతా కదలదు. కాబట్టి ఎగుడు దిగుడుల మీద ఆధారపడే ట్రబుల్ అంటే దాదాపు ఖాయంగా డీజిల్ లైన్‌లో గాలి పడుతున్నట్టే. టాంకీ పావుకు తగ్గినప్పుడు ఎక్కువవుతుంటే ఇంకా ఖాయం.

దీన్ని పట్టుకోవడం కష్టం ఎందుకంటే, కారే డీజిల్ కనబడదు. పాత బండ్లలో ఫీడ్ పంపు ఇంజన్ దగ్గర ఉండి టాంకీ నుంచి పీల్చుకుంటుంది. పీల్చే పైపుకు సందు పడితే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. కింద చుక్క కనబడదు, వాసన రాదు. మెకానిక్ బండి కింద పడుకుని లైటు వేసి చూసి ‘లీకేజీ లేదు’ అని లేస్తాడు. ఆయన చూసింది నిజమే.

పొద్దున్నే, ఇంకా సెల్ఫ్ కొట్టకముందు, ఫిల్టర్ మీదున్న హ్యాండ్ పంపు నొక్కి చూడాలి. రెండు మూడు నొక్కులకే గట్టిపడితే పైపుల్లో డీజిల్ నిండుగా ఉంది. మెత్తగా లోపలికి పోతూ పది పదిహేను నొక్కుల తర్వాత గానీ గట్టిపడకపోతే రాత్రి డీజిల్ వెనక్కి పోయింది. గట్టిపడ్డాక సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటే ఇక సందేహం అక్కర్లేదు.

సందు ఎక్కడుందో వెతకడానికి జానెడు పారదర్శకపు పైపు చాలు, డీజిల్‌కు తట్టుకునే రకం. ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య ఉన్న నల్ల పైపు తీసి దీన్ని బిగించి, గాలి తీసేసి, ఇంజన్ నడపాలి. బాగున్న బండిలో తేనె రంగు డీజిల్ కదులుతున్నట్టే తెలియదు. గాలి పీల్చే బండిలో సోడా సీసాలోలాగా సన్నని బుడగలు వరసగా పోతుంటాయి, రేజ్ చేస్తే గుంపులు గుంపులుగా. అక్కడి నుంచి టాంకీ వైపు ఒక్కో జాయింటూ పట్టుకుంటూ పోవాలి. జాయింట్ చుట్టూ గ్రీజు దట్టంగా పూస్తే సందు కాసేపు మూసుకుంటుంది. ఏ జాయింట్‌కు పూశాక బుడగలు ఆగాయో అదే దోషి. ఎక్కువసార్లు తేలేవి ఫిల్టర్ మార్చినప్పుడు పాతదే వేసిన సీలు, హ్యాండ్ పంపులో అరిగిన డయాఫ్రం, రెండోసారి వాడిన రాగి వాషరు, నాజిళ్ల దగ్గర మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపే, గుడ్డ అల్లిక ఉన్న రిటర్న్ పైపు ముక్కలు. ఈ చివరివి ఎండకూ ఇంజన్ వేడికీ పెళుసెక్కి చీలుతాయి. మీటరు లెక్కన కొనే పైపు, పాతిక నిమిషాల పని.

టాంకీ మూతకున్న గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోవడం కూడా ఎర్రమట్టి దోవల్లో తిరిగే బండ్లకు కొత్తేమీ కాదు. గంటసేపు నడిచాక టాంకీలో శూన్యం ఏర్పడి పంపు డీజిల్ లాగలేకపోతుంది. మొండికేసినప్పుడు మూత తిప్పితే బుస్సుమంటూ గాలి లోపలికి పోయి, వెంటనే బండి స్టార్టయితే కారణం అదే. మూత కడిగితే సరి.

మధ్యలో ఒక ముక్క. డీజిల్ లైన్‌లో మొదలైన లోపం బ్యాటరీ లోపంగా వేషం మార్చుకుంటుంది. మామూలు స్టార్ట్‌కు మూడు సెకన్లు పడితే బ్యాటరీ నుంచి పోయేది 0.2 ఆంపియర్ అవర్లు, లెక్కలోకి రాదు. గాలి పట్టిన బండికి పదిహేను సెకన్ల చొప్పున పదిసార్లు సెల్ఫ్ కొడితే పది ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి, సెల్ఫ్ మోటారు కాలేంత వేడెక్కుతుంది. ఊరూరా ఆగి టమాటా బాక్సులు ఎత్తుకుంటూ పత్తికొండ మార్కెట్‌కు పోయే బండికి ఆ లోటు పూడేంత చార్జింగ్ దొరకదు. సాయంత్రానికి బ్యాటరీ నిజంగానే డౌన్. ఎలక్ట్రీషియన్ కొలిచి బ్యాటరీ పోయిందంటాడు. ఆయన కొలతలోనూ తప్పు లేదు.

టీ కొట్టు దగ్గర మొండికేసే బండి

మొదట్లో చెప్పిన బండి దగ్గరికి వద్దాం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క దెబ్బకు స్టార్టవుతుంది. జాతీయ రహదారి 44 మీద గుత్తి దాకా పోయి ఆపితే, పావుగంటకు మొండికేస్తుంది. ఆపిన రెండు నిమిషాల్లో కొడితే స్టార్టవుతుంది, గంటాగినా స్టార్టవుతుంది. పావుగంటా అరగంటా మధ్యే గండం. ఇంజన్ ఆపగానే ఫ్యాను, నీళ్ల ప్రవాహం ఆగిపోతాయి. బ్లాకులో ఉన్న వేడి మెల్లగా పైకి, పక్కనున్న పంపులోకీ పైపుల్లోకీ పాకుతుంది. అంటే ఆపిన తర్వాతే పంపు మరింత వేడెక్కుతుంది.

కామన్ రైల్ (అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ ఇచ్చి, కంప్యూటర్‌తో నడిపే పద్ధతి) రాకముందు వచ్చిన చాలా పికప్‌లలో రోటరీ రకం పంపు ఉంటుంది. దాని లోపలి భాగాలకు వేరే ఆయిల్ లేదు, గుండా పోయే డీజిలే కందెన. లోపల తిరుగుతూ డీజిల్‌ను నొక్కే ప్లంజరుకూ దాని గూడుకూ మధ్య ఖాళీ వెంట్రుక కంటే చాలా సన్నం. ఆ ఖాళీ పెరిగితే నొక్కిన డీజిల్ పక్కల నుంచి జారిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు డీజిల్ కాస్త చిక్కగా ఉండి జారుడు తక్కువ. వేడెక్కితే పలచబడి, సెల్ఫ్ తిప్పే నిదానపు వేగంలో నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడి నిలవదు. కిరోసిన్ కలిసిన డీజిల్‌కు జారుడుగుణం తక్కువ కాబట్టి అది ఈ అరుగుదలను ముందుకు తోస్తుంది. డ్రమ్ముల్లో నిలవ ఉన్న డీజిల్‌లో చేరిన నీళ్లు, మట్టి కూడా అంతే.

దీనికి పాత మెకానిక్‌ల దగ్గర ఒక పరీక్ష ఉంది. మొండికేసినప్పుడు గోనెపట్టానో పాత టవలో తడిపి పంపు మీద కప్పి ఐదు నిమిషాలు ఉంచుతారు. ఎండిపోతే మళ్లీ తడుపుతారు. ఆ తర్వాత సెల్ఫ్ కొడితే అందుకుంటే, ఇంజన్ ఇంకా వేడిగానే ఉంది, చల్లబడింది పంపు ఒక్కటే. అంతకంటే స్పష్టమైన సాక్ష్యం టెస్ట్ బెంచ్ మీద కూడా అంత సులువుగా దొరకదు. చెంబుతో నీళ్లు కుమ్మరించకూడదు. కాలిన లోహం మీద ఒక్కసారిగా చన్నీళ్లు పడితే లోపలి సన్నని భాగాలు బిగుసుకుపోయి పంపు పట్టేసే ప్రమాదం ఉంది.

అయితే ఈ పరీక్ష నెగ్గినంత మాత్రాన వెంటనే పంపు దింపేయాల్సిన పనిలేదు. ఆ పంపు మీదే స్టాప్ సోలినాయిడ్ ఉంటుంది. తాళం వేసినప్పుడు టిక్ మని తెరుచుకుని డీజిల్‌ను వదిలేది అదే. దాని చుట్ట కూడా వేడికి బలహీనపడుతుంది, తడిగుడ్డకు తేరుకుంటుంది. మొండికేసిన సమయంలోనే దానికి బ్యాటరీ నుంచి నేరుగా ఒక వైరు ఇచ్చి చూడాలి. టిక్ వినబడి బండి స్టార్టయితే పోయింది సోలినాయిడో, దానికొచ్చే వైరో. పంపు రిపేరు ఖర్చు తప్పినట్టే. ఐదు లీటర్ల క్యాన్‌లో శుభ్రమైన డీజిల్ పోసి, ఇంజన్ కంటే ఎత్తులో కట్టి, దాని పైపు నేరుగా పంపుకు ఇచ్చి ఒక రోజు నడపడం ఇంకో జాగ్రత్త. అప్పుడూ వేడి మీద మొండికేస్తేనే పంపు షాపు.

కామన్ రైల్ బండ్లలో కథ కొంచెం మారుతుంది. అక్కడ రైల్‌లో ఒత్తిడి దాదాపు 200 బార్ చేరితే గానీ కంప్యూటర్ నాజిళ్లు తెరవనివ్వదు. అరిగిన నాజిళ్లు రిటర్న్‌లోకి ఎక్కువ వదిలేస్తే సెల్ఫ్ వేగానికి ఆ ఒత్తిడి అందదు. నాలుగు నాజిళ్ల రిటర్న్ పైపులకు నాలుగు చిన్న సీసాలు కట్టి ఇంజన్ నడిపితే ఎవరి సీసా ముందు నిండిందో కళ్లముందే తెలుస్తుంది. వేడి మీద పోయి చల్లబడితే తిరిగొచ్చే క్రాంక్ సెన్సార్ (ఇంజన్ తిరుగుడును కంప్యూటర్‌కు చెప్పేది) ఇంకో అనుమానితుడు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా చూపిస్తే దాన్నే పట్టుకోవాలి. ఈ రకం బండ్లలో స్కానర్ లేకుండా ఊహ మీద భాగాలు మార్చడం డబ్బులు కాల్చుకోవడమే.

హీటర్లు, పెట్రోలు గుడ్డ

హీటర్ ప్లగ్గుల గురించి రాయలసీమలో ఒక అపోహ స్థిరపడింది, ఇక్కడి ఎండలకు వాటితో పనేమిటని. డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడే ఇంజన్లలో అది చాలావరకు నిజం. డీజిల్ పక్కనున్న చిన్న గదిలో పడి అంటుకునే రకానికి నిజం కాదు. 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్‌లోని రెండు సిలిండర్ల, 702 సీసీ ఇంజన్ ఈ రకమే. ఆ గది గోడలు చల్లగా ఉంటే పుట్టిన వేడిని పీల్చేస్తాయి. ఏప్రిల్లో ఒక హీటరు మాడిపోతే ఎవరికీ తెలియదు, ఎండే ఆ పని చేసేస్తుంది. డిసెంబర్లో అనంతపురం వైపు తెల్లవారుజాము 16, 17 డిగ్రీలకు దిగినప్పుడు తెల్లపొగతో బయటపడుతుంది. ఎనిమిది నెలల కిందటి లోపాన్ని మొన్ననే వచ్చిందనుకుంటారు. హీటరు వైరు తీసి మీటరుతో కొలిస్తే ఓమ్ లోపో, ఓమ్‌కు అటూ ఇటూగానో చూపించాలి. ఏమీ చూపకపోతే మాడినట్టు.

కంప్రెషన్ తగ్గిన ఇంజన్ సంగతి దాచినా దాగదు. ఆయిల్ తాగుతుంది, నడిచేటప్పుడు ఆయిల్ పోసే మూత తీస్తే గుప్పుగుప్పున పొగ తంతుంది, లోడు మీద ఘాట్‌లో పట్టు ఉండదు. అది ఒక్కోసారి వచ్చి ఒక్కోసారి పోయే జబ్బు కాదు.

ఎయిర్ ఫిల్టర్ తీసి పెట్రోలులో తడిపిన గుడ్డ పెట్టి స్టార్ట్ చేసే అలవాటు మాత్రం మానుకోవాల్సిందే. ఎర్రగా కాలిన హీటరుకు పెట్రోలు ఆవిరి తగిలితే అది పిస్టన్ పైకి రాకముందే పేలుతుంది. రింగులు విరుగుతాయి, ఒక్కోసారి చేయి కాలుతుంది.

పాత బండిలో లోపాలు జంటగా ఉండటం మామూలు. దిగుడు మీద ఆధారపడే ట్రబుల్, టీ కొట్టు దగ్గరి ట్రబుల్, చలికాలపు తెల్లపొగ ఒకే బండిలో ఉంటే మూడింటికీ ఒకే కారణం వెతకడం వల్ల నెలలు గడిచిపోతాయి. డాష్‌బోర్డు మీద పాకెట్ నోటుబుక్కు ఒకటి పడేసి, మొండికేసిన ప్రతిసారీ టైము, ఆపి ఎంతసేపయింది, టాంకీలో ఎంత ఉంది, ముక్కు ఎటు ఉంది, సెల్ఫ్ ఎలా తిరిగింది, పొగ వచ్చిందా అన్నవి ఒక్క లైనులో రాస్తే పది పన్నెండు లైన్లకే అవి రెండు మూడు గుంపులుగా విడిపోతాయి. రిటర్న్ పైపులు మార్చాక ఎగుడులో నిలబెట్టినా పొద్దున స్టార్టవుతుంది గానీ, గుత్తి దగ్గర మాత్రం ఇంకా మొండికేస్తోందంటే మొదటి పని వృథా పోలేదు. ఆ గుంపు లైన్లు ఆగిపోయాయి. మిగిలిన లైన్ల కోసం పంపు పక్కన తడిగుడ్డ సిద్ధంగా పెట్టుకోవాలి.